రోలాండ్ ఎస్‌పి-404 ఎంకే2: రెండేళ్లు వాడాక, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం

ఇది శాంపిలర్, అంటే శబ్దాలను రికార్డ్ చేసుకుని ప్యాడ్లు కొట్టి వాయించే పెట్టె. ఈ పెట్టె కొన్న కొత్తలో అందరూ చేసే పని ఒకటుంది. ఇంటర్నెట్‌లో దొరికిన డ్రమ్ శాంపిల్స్ (చిన్న శబ్దపు ముక్కలు) అన్నీ, రెండు మూడు వేలు, కంప్యూటర్ నుంచి దాంట్లోకి ఎక్కించేయడం. లోపల 16 జీబీ స్టోరేజ్ ఉంది, ఒక్కో ప్రాజెక్ట్‌లో 160 శాంపిల్స్ పడతాయి, అలాంటి ప్రాజెక్టులు 16 పెట్టుకోవచ్చు, కాబట్టి జాగాకు కరువు లేదు. నేనూ అదే చేశాను. మొదటి మూడు వారాలు శాంపిల్స్ వినడంతోనే గడిచిపోయాయి, ఒక్క బీట్ కూడా పూర్తి కాలేదు. ఒకరోజు రాత్రి విసుగొచ్చి మొత్తం తుడిచేసి, ఖాళీ ప్రాజెక్ట్ ఒకటి తెరిచి, 'ఏ' అనే బ్యాంక్ (16 ప్యాడ్ల గుంపును బ్యాంక్ అంటారు) ఒక్కటే, 16 ప్యాడ్లే, అందులోకి నేను స్వయంగా రికార్డ్ చేసినవి తప్ప ఇంకేమీ రావని నియమం పెట్టుకున్నాను. నా వరకు ఈ మెషీన్ నేర్చుకోవడం ఆ రాత్రే మొదలైంది. కింద రాసిందంతా ఆ నియమం నేర్పిందే.

ముందు ఇదేమిటో క్లుప్తంగా. 2005లో వచ్చిన ఎస్‌పి-404కు ఇది వారసురాలు. దానికి ముందు బాస్ పేరుతో ఎస్‌పి-303 ఉండేది, ఆ 404కూ దీనికీ మధ్యలో ఎస్‌పి-404 ఎస్ఎక్స్, ఆ తర్వాత ఎస్‌పి-404ఏ అనే మోడళ్లు వచ్చాయి. ఎంకే2 వచ్చింది 2021 చివర్లో, అమెరికాలో అప్పటి ధర దాదాపు 500 డాలర్లు. మన దగ్గర పన్నులు, దిగుమతి ఖర్చులు కలిసి ఇంకా ఎక్కువే పడుతుంది, అందుకే నేను వెతికి వెతికి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బరువు కిలోకు కాస్త ఎక్కువ. పైన 16 ప్యాడ్లు, పక్కన ఒక సబ్ ప్యాడ్, చిన్న ఓఎల్ఈడీ స్క్రీన్, తిప్పే నాబ్‌లు, ఎఫెక్ట్స్ (శబ్దం తీరు మార్చేవి) కోసం ఆరు బటన్లు. లోపల మైక్ లేదు, స్పీకర్ లేదు. పాత 404లో మైక్ ఉండేది, దీంట్లో తీసేశారు, ఆ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే రోడ్డు మీద వెళ్తూ వినిపించిన చప్పుడును అక్కడికక్కడే పట్టుకునే సుఖం పోయింది.

మైక్ లేదు కాబట్టి బయటి శబ్దాలకు నేను ఫోన్ వాడతాను. అమ్మ రోట్లో కారం దంచుతుంటే పక్కన మడిచిన తువ్వాలు మీద ఫోన్ పెట్టి రెండు నిమిషాలు రికార్డ్ చేశాను (తువ్వాలు ఎందుకంటే, నేల మీద నేరుగా పెడితే అదురు మొత్తం ఫోన్‌లోకి వచ్చేస్తుంది). దాన్ని మెషీన్‌లోకి పంపడం దగ్గర కొత్తవాళ్లు ఒక తప్పు చేస్తారు. ఫోన్ నుంచి వచ్చేది స్టీరియో, ఒకే చిన్న పిన్నులో రెండు చానళ్లు ఉంటాయి. మెషీన్ వెనక లైన్ ఇన్‌లు మాత్రం రెండు వేర్వేరు పెద్ద జాక్‌లు. కాబట్టి ఒక వైపు చిన్న పిన్ను, రెండో వైపు రెండు పెద్ద పిన్నులు ఉన్న వై కేబుల్ కావాలి. అది లేకుండా అడాప్టర్ మీద అడాప్టర్ తగిలించి ఒక్క జాక్‌లోకి గుచ్చితే సౌండ్ పీలగా, ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉండొచ్చు, మెషీన్ పాడైందనుకుని టెన్షన్ పడతారు. మెషీన్‌కేమీ కాలేదు, కేబుల్ మార్చండి చాలు. కంప్యూటర్ దగ్గరే పని చేసేవాళ్లకు ఈ గొడవే లేదు, యూఎస్‌బీ-సీ కేబుల్ పెడితే కంప్యూటర్‌లో మోగేదాన్ని నేరుగా శాంపిల్ చేసుకోవచ్చు.

ఇంకొకటి, కేబుల్ పెట్టాక ఎక్స్‌టర్నల్ సోర్స్ బటన్ వెలిగించాలి. అది వెలగకపోతే లోపలికి ఏమీ రాదు. మొదటి రోజు అరగంట కేబుళ్లు పీకి పెట్టి, పీకి పెట్టి చూసేది అందరూ దీని దగ్గరే.

ఇక ఆ రోకలి పోటు సంగతి. రికార్డింగ్ వింటే మామూలుగానే ఉంది, ధబ్ ధబ్‌మని వంటింటి చప్పుడు. ఒక్క పోటు ఎంచుకుని స్టార్ట్/ఎండ్ బటన్ నొక్కి, నాబ్‌లతో మొదలు, చివర కత్తిరించాను. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. వేవ్‌ఫారమ్‌ను (స్క్రీన్ మీద శబ్దం బొమ్మను) పెద్దది చేసి చూస్తే దెబ్బ పడేముందు సన్నటి ఖాళీ గీత కనిపిస్తుంది, సెకనులో వందో వంతు నిశ్శబ్దం అంతే. ఏముందిలే అని వదిలేస్తే ప్యాడ్ కొట్టిన ప్రతిసారీ మోత ఆ వందో వంతు ఆలస్యంగా వస్తుంది, అప్పుడు మీ వేళ్లు ఎంత సరిగ్గా పడినా బీట్ కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు ఉంటుంది. నాకు తాళజ్ఞానం లేదేమోనని మీరు బాధపడతారు, కానీ లోపం మీ చేతిలో ఉండదు, ఆ గీతలో ఉంటుంది. దెబ్బ సరిగ్గా ఎక్కడ పుడుతుందో అక్కడికి స్టార్ట్ జరపండి. తర్వాత పిచ్ (శ్రుతి) మూడు మెట్లు కిందికి దించాను. వంటింటి చప్పుడు కాస్తా గుండెల మీద పడే కిక్ డ్రమ్ అయింది. కొన్న ఏ ప్యాక్‌లోనూ అలాంటి కిక్ నాకు దొరకలేదు, దాని చివర్లో రాయి మీద కారం నలిగే సన్నటి గరగర ఉంది, అది పిచ్ దించినా పోలేదు. అమ్మకు హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే రెండు క్షణాలు విని, "గిది మన రోలు సప్పుడు గాదు బిడ్డా?" అంది.

ఇప్పుడు రీశాంపిల్. ఈ మెషీన్ ఎందుకు కొనాలి అని ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే. ఒక ప్యాడ్ మోగుతుండగా దాని మీద ఎఫెక్ట్ వేసి, ఆ వచ్చిన మోతను ఇంకో ఖాళీ ప్యాడ్‌లోకి మళ్లీ రికార్డ్ చేసుకోవడం. చెప్పుకుంటే ఇంతే. కానీ దీంతో ఏం జరుగుతుందంటే, కిక్ మీద ఫిల్టర్ వేసి పక్క ప్యాడ్‌లోకి తీసుకున్నారు, ఇప్పుడు ఆ ఫిల్టర్ ఖాళీ అయింది, దాన్ని ఇంకో దానికి వాడొచ్చు. కిక్కు, స్నేరు (టక్‌మనే డ్రమ్ దెబ్బ) కలిపి వాయించి, వినైల్ సిమ్యులేటర్ వేసి (పాత రికార్డు మీద సూది నడిచినట్టు ఉంటుంది), ఆ రెండు బార్ల (తాళం రెండు చుట్ల) ముక్కను ఒకే ప్యాడ్‌లోకి తీసుకున్నారు. ఇప్పుడు ఆ ముక్కను మళ్లీ తరిగి, తిప్పి, నెమ్మది చేసి, ఇంకోసారి తీసుకోవచ్చు. నాలుగోసారికి అది ఎక్కడి నుంచి మొదలైందో మీకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఎఫెక్టూ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, అందుకే అక్కడ ఏ నిర్ణయమూ తెగదు. ఇక్కడ రీశాంపిల్ నొక్కితే తెగిపోయినట్టే. ఆ తెంపరితనం అలవాటైతే పాటలు పూర్తవుతాయి. కొత్తవాళ్లు మొదటి వారం ఇంకేమీ ముట్టకుండా ఇదొక్కటే సాధన చేసినా నష్టం లేదు. ఒక్క జాగ్రత్త, మూలం ఉన్న ప్యాడ్‌ను వెంటనే తుడిచేయకండి, జె బ్యాంక్‌లోకి కాపీ చేసి దాచుకోండి. నా జె బ్యాంక్ మొత్తం అలాంటి పాత ముక్కలే.

స్కిప్ బ్యాక్ అనే సదుపాయం గురించి ఎంత చెప్పినా తక్కువే. మెషీన్ ఆన్‌లో ఉన్నంతసేపూ చివరి 25 సెకన్లలో మీరు వాయించింది తనకు తానే గుర్తుపెట్టుకుంటుంది. రికార్డ్ నొక్కకుండా ఊరికే ఆడుకుంటున్నారు, ఎక్కడో ఒక చోట చేయి తప్పి అద్భుతమైనది ఒకటి పడింది, అప్పుడు మార్క్ బటన్ నొక్కితే ఆ వెనకటి 25 సెకన్లు మీ చేతికి వచ్చేస్తాయి, కావలసిన ముక్క ఎంచుకుని ప్యాడ్‌లో పెట్టుకోవచ్చు. రికార్డ్ ఎర్రలైటు వెలగగానే చేతులు బిగుసుకుపోయే నాలాంటివాళ్లకు ఇది దేవుడిచ్చిన వరం. నా మంచి లూపుల్లో సగం పైగా ఇలా దొరికినవే.

ప్యాడ్ పక్కనుండే చిన్న బటన్ల గురించి మాన్యువల్ పేజీలకు పేజీలు చెబుతుంది, తెలియాల్సింది మాత్రం కొంచెమే. గేట్ వెలిగితే వేలు ఉన్నంతసేపే మోగుతుంది, ఆరితే ఒక్కసారి కొట్టినా చివరిదాకా మోగుతుంది. దెబ్బలకు గేట్ ఆర్పేయండి, తంబూరా లాంటి సాగే వాటికి, గొంతు ముక్కలకు వెలిగించండి. లూప్ అంటే లూపే. బీపీఎం సింక్ (శాంపిల్‌ను పాట వేగానికి సరిపెట్టేది) వెలిగించే ముందు మాత్రం ఆ శాంపిల్ అసలు వేగం సరిగ్గా నమోదైందో లేదో చూడాలి, తప్పుగా ఉంటే మెషీన్ దాన్ని వింతగా సాగదీస్తుంది. ఒక పాట చరణాన్ని నాలుగు ముక్కలుగా తరిగి నాలుగు ప్యాడ్లలో పెట్టినప్పుడు ఒకటి మోగుతుండగా రెండోది కొడితే రెండూ కలిసి గజిబిజి అవుతుంది. ఆ నాలుగింటినీ ఒకే మ్యూట్ గ్రూప్‌లో పెడితే రెండోది రాగానే మొదటిది తప్పుకుంటుంది. ఇది తెలియక ముందు తరగడం నాకు రాదనే అనుకున్నాను.

లూపర్ విషయానికి వద్దాం, ఎందుకంటే కొత్తవాళ్లకు ఇక్కడ పేర్లతోనే తికమక. పైన డీజేఎఫ్ఎక్స్ లూపర్ అని ఒక బటన్ ఉంది. అది లూపర్ కాదు, ఎఫెక్ట్. మోగుతున్న దాంట్లో చిన్న తునకను పట్టుకుని గిరగిరా తిప్పుతుంది, అంతే. మీరు పాడి, దాని మీద ఇంకోటి పాడి, దాని మీద చప్పట్లు వేసుకుంటూ పోయే అసలైన లూపర్ తర్వాతి అప్‌డేట్లతో వచ్చింది, అప్‌డేట్లు ఉచితమే, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ముందుగా చేయాల్సిన పని వెర్షన్ చూసుకుని అప్‌డేట్ చేసుకోవడం.

లూపర్ ఏదైనా సరే, దీంట్లోదైనా, కాలితో నొక్కే పెడల్ అయినా, కొత్తవాళ్ల లూప్ కుంటడానికి కారణం ఒక్కటే. కర్ణాటక సంగీతం కాస్త విన్నవాళ్లకు సులువుగా అర్థమయ్యేలా చెబుతాను. ఆది తాళం ఒక ఆవర్తనం (చుట్టు) అంటే ఎనిమిది అక్షరాలు (లెక్కలు). చాలామంది ఎనిమిదో అక్షరం వాయించగానే అయిపోయింది కదా అని బటన్ నొక్కేస్తారు. అప్పుడు ఆ ఎనిమిదో అక్షరం వ్యవధి సగమే లూప్‌లో పడుతుంది, తిరిగి మొదలైన ప్రతిసారీ తడబడుతుంది. నొక్కాల్సింది చివర్లో కాదు, తర్వాతి ఆవర్తనం సమం (మొదటి అక్షరం) మీద. అంటే నోటితో "ఏడు, ఎనిమిది, ఒకటి" అని లెక్కపెడుతూ, ఆ "ఒకటి" దగ్గర చేయి పడాలి. మొదలుపెట్టినప్పుడు ఎలా సమం మీద నొక్కారో ముగించేటప్పుడు కూడా అలాగే. ఇంకో కిటుకు, వాయించడం ఆపకండి. సమం మీద బటన్ నొక్కాక కూడా ఒక అక్షరం దాకా అలాగే వాయిస్తూ పొండి, ఆపాలన్న ఆలోచన వల్లే చివర్లో చేయి తొందరపడుతుంది. ఒక సాయంత్రం ఉత్త చప్పట్లతో ఇరవై సార్లు చేసి చూడండి, పదో సారికే తేడా తెలుస్తుంది.

మీరు ప్రధానంగా గిటార్ వాయించేవాళ్లో, వీణ, వయొలిన్ వాయించేవాళ్లో అయితే మాత్రం నా మాట విని ఈ పెట్టె కొనకండి. రెండు చేతులూ వాద్యం మీద ఉంటాయి, బటన్ నొక్కడానికి మూడో చేయి ఉండదు. బాస్ ఆర్‌సి-1 లాంటి చిన్న పెడల్ చాలు, ఒకే స్విచ్, 12 నిమిషాల దాకా రికార్డింగ్, ధర కూడా దీంతో పోలిస్తే చాలా తక్కువ. ఎస్‌పి చేతులతో వాయించే వస్తువు. బీట్లు కట్టేవాళ్లకు, శబ్దాలు పోగేసేవాళ్లకు, ర్యాప్ రాసుకుని దానికి తామే బీట్ కట్టుకోవాలనుకునేవాళ్లకు ఇది సరైనది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. సగం పనులు షిఫ్ట్ పట్టుకుని ప్యాడ్ నొక్కితేనే జరుగుతాయి, ఆ పేర్లు సన్నటి అక్షరాలతో రాసి ఉంటాయి, రాత్రి దీపం తక్కువగా ఉంటే కనబడవు. నెల రోజులు తిప్పలు తప్పవు. నేను రోజూ వాడే ఆరేడు షిఫ్ట్ పనులు ఒక అట్ట మీద రాసి స్టాండ్‌కు అతికించుకున్నాను, రెండు నెలలకు ఆ అట్ట అవసరం పోయింది. స్క్రీన్ చిన్నది, పొడవాటి శాంపిల్‌లో కచ్చితమైన చోటు వెతకడం కళ్లకు శ్రమ. ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే రెండున్నర, మూడు గంటల కంటే ఎక్కువ రాదు, కాబట్టి బస్సు ప్రయాణానికి సరిపోతుంది గానీ రోజంతా బయట ఉండాలంటే పవర్ బ్యాంక్ తప్పదు.

పవర్ అంటే గుర్తొచ్చింది, ఇది నా అనుభవం, జాగ్రత్త కోసం చెబుతున్నా. ఫ్రెండ్ వాళ్ల చెల్లి పెళ్లికి సంగీత్‌లో వాయించమంటే ఇంట్లో మూల పడి ఉన్న ఒక పాత ఫోన్ ఛార్జర్ తీసుకెళ్లి దానికి తగిలించాను. ఈ మెషీన్‌కు యూఎస్‌బీ మీద నడవాలంటే 5 వోల్టుల దగ్గర కనీసం 1.5 ఆంపియర్లు ఇచ్చే ఛార్జర్ కావాలి, అది ఒక ఆంపియర్‌ది, మీద రాసి ఉంది కూడా, నేను చూసుకోలేదు. ప్యాటర్న్ (ప్యాడ్లు వాయించిన వరుస) రికార్డ్ అవుతున్న సమయానికి స్క్రీన్ ఒక్కసారి ఆరిపోయి మళ్లీ వెలిగింది. ఆ ప్యాటర్న్ పోయింది. హాల్లో జనం ఎదురు చూస్తుంటే ఆ ముప్పై సెకన్లు ముప్పై నిమిషాలుగా గడిచాయి. ఇప్పుడు వేదిక మీదికి వెళ్లేటప్పుడు ఛార్జర్ మీద అంకెలు చదవకుండా కదలను, లోపల సెల్స్ కూడా ఉంచుతాను. వారానికోసారి ఎస్‌డీ కార్డ్‌లోకి ప్రాజెక్ట్ బ్యాకప్ తీసి పెడతాను. మీరూ మొదటి వారం నుంచే ఆ అలవాటు చేసుకోండి.

సినిమా పాటలు తరిగి వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో నేర్చుకోవడానికి తరుక్కోండి, తరగడం నేర్చుకోవడానికి మన పాత పాటల తీగవాద్యాల కంటే మంచి పాఠం లేదు. యూట్యూబ్‌లో పెట్టాలంటే మాత్రం హక్కులు ఆడియో కంపెనీల దగ్గర ఉంటాయి, అనుమతి లేకపోతే వీడియో తీసేయొచ్చు. ఆ తలనొప్పి లేకుండా ఉండాలనే నేను సొంత శబ్దాల వైపు తిరిగాను.

అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మా కాక (బాబాయి) డప్పు. దసరాకు జనగామ వెళ్లినప్పుడు కాగితాలు మంట పెట్టి డప్పు కాచి, తోలు బిగిశాక, కుడి చేతిలో సిర్ర అనే కర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల పట్టుకుని రెండు దెబ్బలు వేశాడో లేదో, నా ఫోన్ మైక్ లెవెల్ ఎర్ర గీత దాటేసింది. గెయిన్ (రికార్డింగ్ స్థాయి) తగ్గించినా లాభం లేదు, మైకే ఆ మోతకు తట్టుకోలేకపోతోంది. చివరికి ఫోన్‌ను ఐదారు అడుగుల దూరం జరిపి, డప్పు ముఖానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిప్పి పెడితే అప్పుడు సిర్ర గుమ్మూ, పుల్ల చిటచిటా విడివిడిగా వినబడ్డాయి. పెద్ద మోత ఉన్న వాద్యం ఏదైనా ముందు దూరం, తర్వాతే గెయిన్.

ఇంటికొచ్చి ఆ దెబ్బలు ప్యాడ్లలో పెట్టి, తీన్‌మార్ వాయించి, ప్యాటర్న్‌లో రికార్డ్ చేస్తే డప్పులా లేదు. శబ్దం అదే, నడక కాదు. క్వాంటైజ్ (దెబ్బలను లెక్కకు సర్దేది) 16వ వంతుల మీద ఉంది, అంటే మెషీన్ ప్రతి దెబ్బనూ పట్టుకెళ్లి చతురశ్రంలో (నాలుగేసి భాగాల నడకలో) కూర్చోబెడుతోంది. తీన్‌మార్ ఊపు తిశ్రంలో (మూడేసి భాగాల నడకలో) ఉంటుంది, పైగా కాక చేతిలో అది లెక్క ప్రకారం తిశ్రం కూడా కాదు, మూడో దెబ్బ కొంచెం ముందుకు తోసుకుని వస్తుంది, ఆ తోపులోనే మనిషి కాలు లేస్తుంది. క్వాంటైజ్ ఆపేశాను. నా చేతితో వాయించింది వాయించినట్టు పడింది, తప్పులతో సహా, కానీ నడక వచ్చింది. మన జానపద నడకలు దేన్నైనా ఇందులో పెట్టాలనుకుంటే క్వాంటైజ్ జోలికి పోకుండా, పొడవాటి ముక్క ఒకటి తీసుకుని, సమం నుంచి సమం దాకా సరిగ్గా కత్తిరించి, లూప్‌లో పెట్టండి. మిశ్ర చాపు (ఏడు లెక్కల తాళం) అయినా, ఖండ చాపు (ఐదు లెక్కల తాళం) అయినా ప్యాడ్‌కు తేడా లేదు, మీరు కత్తిరించినంత పొడవునే అది తిరుగుతుంది.

సంక్రాంతికి కాక హైదరాబాద్ వచ్చినప్పుడు మెషీన్ ముందు కూర్చోబెట్టాను. ప్యాడ్లు ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా మోగుతాయి కదా, మొదట వేలితో మెల్లగా తాకి చూశాడు. తర్వాత చూపుడు వేలితో సిర్ర ప్యాడ్, ఎడమ చేతి వేలితో పుల్ల ప్యాడ్ పెట్టుకుని, సొంత డప్పు దెబ్బలనే రెండు వేళ్లతో వాయించాడు. నేను రికార్డ్ పెట్టలేదు. ఆయన చేతులు తీశాక మార్క్ నొక్కాను. ఆ 25 సెకన్లు సి బ్యాంక్ మొదటి ప్యాడ్‌లో ఉన్నాయి, ఇంతవరకు కత్తిరించలేదు.